మోంత్‌రివేకు వెళ్ళిన తెల్లగుడ్డ

మా బావమరిది రఘురామ రాజా ఫ్రాన్సు దేశం చూడలేదు. మద్రాసు మూడుసార్లు చూశాడు, మూడుసార్లూ కడుపు చెడి తిరిగొచ్చాడు. వైను ఒక్క చుక్క నాలుక మీద వేసుకున్న మనిషి కాదు. అయినా మోంత్‌రివే అనే ఫ్రెంచి ద్రాక్షతోట చరిత్ర అతనికి తెలిసినంతగా తమిళనాడులోని మా రాజపాళయంలో ఇంకెవరికీ తెలియదు. ఆ మాటకొస్తే సొంత ఊరి చరిత్రే అతనికి అంత తెలియదు. నేను అతని అక్క మొగుణ్ణి, ఆవిడ పేరు పాప. నా పేరు జగన్నాథ. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఈ కథలో నేను మంచివాణ్ణి కాను. ఆ సంగతి చివరిదాకా దాచిపెట్టి మెల్లగా బయటపెట్టే ఓపిక నాకు లేదు గనుక ముందే చెప్పేస్తున్నాను.

రఘురామ వాళ్ళ నాన్న సేత్తూరులో ఉన్న పొలం అమ్మి, సత్రపట్టి దారిలో షెడ్డు కట్టి ఎనిమిది పవర్‌లూములు పెట్టాడు. ఆస్పత్రులకు వెళ్ళే బ్యాండేజి గుడ్డ నేస్తారు. మగ్గం దిగిన గుడ్డ తెల్లగా ఉండదు. గోధుమపిండి రంగులో, అక్కడక్కడా పత్తిగింజ పొట్టు అంటుకుని, గంజి వాసన కొడుతూ ఉంటుంది. దాన్ని కోరా అంటాం. ఆ కోరాను బ్లీచింగుకు పంపితే కొంగరెక్కలా తెల్లబడి వస్తుంది. ఇక్కడ ఈ పని చేసే ప్రతివాడికీ ఒకటే నమ్మకం. తెల్లనిది శుభ్రం, కోరా మురికి. పుండు మీద వేసే గుడ్డ విషయంలో ఆ నమ్మకం తప్పని ఎవరనగలరు?

ఇరవైనాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం రఘురామ నాకు బడికి ఫోను చేశాడు.

"బావా, ఒక వెళ్ళక్కారదొర వచ్చి మన షెడ్లో కూచోనుండాడు. ఏమో అడుగుతాడు, నాకు ఒక్క మాట పురియలేదు. కొంచెం వస్తారా?"

వెళ్ళాను. ఆ తెల్లదొర పేరు ఆర్మాన్. అరవై దాటిన మనిషి, ఎండకు ముఖం కందిపోయి ఉంది. మదురైలో ఒక ఆస్పత్రికి వచ్చిన డాక్టరు స్నేహితుడితో ఊరికే దేశం చూద్దామని వచ్చి, అక్కడ బ్యాండేజి గుడ్డ చేత్తో పట్టుకుని చూసి, ఇది ఎక్కడ నేస్తారని అడిగి ఇంత దూరం వచ్చాడట. అతని ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే అధ్వాన్నంగా ఉండటం నాకు చాలా సంతోషం కలిగించింది. అతను చేసిన పని మాత్రం నేను మరిచిపోలేదు. తెల్లగుడ్డ తానుల వైపు చూడనే లేదు. మూలన గుట్టగా పడి ఉన్న కోరాలో ముఖం పెట్టి వాసన చూశాడు. మగ్గాలమీద వాళ్ళందరూ పని ఆపి నవ్వారు.

అతనికి ద్రాక్షతోట ఉంది. వైను చేస్తాడు. పీపాల్లో పులిసిన వైను చలికాలమంతా కూర్చుని తేటపడుతుంది, అడుగున మడ్డి దిగుతుంది. తేటను వేరే పీపాల్లోకి తీశాక ఆ మడ్డిని గుడ్డసంచుల్లో పోసి వేలాడదీస్తే అందులోంచి కూడా చుక్క చుక్కగా వైను కారుతుంది. దాన్ని మళ్ళీ పీపాలన్నిటికీ కొంచెం కొంచెం పంచుతారు. పీపా మూతకు కొట్టే చెక్కబిరడాకు కూడా గుడ్డ చుట్టి కొడతారు. నాయనమ్మ కాలం నుంచి వాడే ఆ ముతక పత్తిగుడ్డను నేసే మిల్లు వాళ్ళ దేశంలో మూతపడిందట. ఇదీ అతని గోడు.

అతను పెట్టిన షరతులు మూడు. బ్లీచింగు వద్దు. సబ్బు వద్దు. ఏ మందూ వద్దు. ఉట్టి నీళ్ళలో ఉడకబెట్టి గంజి వదిలించి ఎండలో ఆరేయాలి. గుడ్డకు పత్తి వాసన తప్ప ఇంకే వాసనా ఉండకూడదు. నేను తెలుగులో చెబుతుంటే రఘురామ తల ఊపుతూ విన్నాడు. చివరికి, "మురికిగుడ్డ కొనేదానికి ఇంత దూరం వచ్చినాడా పాపం" అన్నాడు.

వెళ్ళేముందు దొర సంచిలోంచి ఒక సీసా తీసి ఇచ్చాడు. రఘురామ ముట్టలేదు. గ్లాసులో పోయించి వాసన మాత్రం చూశాడు, చాలాసేపు చూశాడు. "తేనెపట్టు పిండిన గుడ్డ మాదిరి ఉండాది" అన్నాడు. మిగిలిన సీసా నేను తాగాను. అందని ద్రాక్ష పుల్లన అంటారు గాని, అందిన ద్రాక్ష కూడా పుల్లగానే ఉంది.

ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ఏటా జూన్‌లో కోరాగుడ్డ మోంత్‌రివేకు వెళ్ళింది. ఏటా నవంబరులో ద్రాక్ష కోత ముగిశాక దొర దగ్గర నుంచి ఉత్తరం వచ్చేది. చేతిరాత, రెండు మూడు పేజీలు. అది చదివి చెప్పడం, జవాబు రాయడం నా ఉద్యోగం. ఆదివారం ఉదయం షెడ్డు అరుగుమీద కాఫీ పెట్టి, నేను చదవడం మొదలుపెడితే రఘురామ కాఫీ ఆరిపోయేది. ప్రతి ఉత్తరం రెండుసార్లు చదవాలి. మొదటిసారి ఇంగ్లీషులో. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ ధ్వని వినాలట. రెండోసారి తెలుగులో.

అలా నేర్చుకున్నాడు ఆ తోట చరిత్ర. ఒక సున్నపురాతి గుట్ట, కింద నది. ఎనిమిది వందల ఏళ్ళ కిందట క్రైస్తవ సన్యాసులు ఆ గుట్టను తొలిచి రాయి అమ్ముకుని, తొలిచిన బొరియలో పీపాలు పెట్టుకున్నారు. అదే ఇప్పటికీ నేలమాళిగ. తర్వాత రాజుల కాలం పోయింది, సన్యాసులను వెళ్ళగొట్టారు, తోట ఆర్మాన్ ముత్తాతల చేతికి వచ్చింది. నూట యాభై ఏళ్ళ కిందట అమెరికా నుంచి వచ్చిన పేనంత పురుగు ఒకటి తీగల వేర్లు తిని గుట్టంతా ఎండబెట్టింది. చివరకు అమెరికా వేరుకే తమ కొమ్మను అంటుకట్టి బతికించుకున్నారు. యుద్ధంలో జర్మనీ సిపాయిలు ఊళ్ళోకి వస్తున్నారని తెలిసి, మగవాళ్ళెవరూ లేని ఆ ఇంట్లో ఆర్మాన్ నాయనమ్మ మంచి పీపాలన్నీ మాళిగ లోపలి గదిలోకి దొర్లించి, అడ్డంగా గోడ కట్టించి, గోడకు మసి పూసి, ముందు ఉర్లగడ్డలు గుట్టగా పోసింది. నాలుగేళ్ళు సిపాయిలు ఆ ఉర్లగడ్డలు తిన్నారు గాని గోడ చూడలేదు.

ఈ ముసలమ్మంటే రఘురామకు ప్రాణం. మగ్గం మీద తెగిన పోగు ముడివేస్తూ ఎవడైనా విసుక్కుంటే ఆమె కథ మొదలుపెట్టేవాడు. "ఒక్క ఆడమనిషి, రాత్రికి రాత్రి గోడ కట్టించినాది. నువ్వు ఒక పోగు ముడి వేసేదానికి ఏడుస్తావా?" అనేవాడు. ఏప్రిల్ నెలలో ఇక్కడ మనం ఎండకు వేగిపోతుంటే, అక్కడ మంచు పడి చిగుళ్ళు మాడిపోతాయని, తోటలో వరసల మధ్య మంటలు పెట్టి కాపాడుకుంటారని విన్నాడు. అప్పటి నుంచి ప్రతి ఏప్రిల్లో నుదుటి చెమట తుడుచుకుంటూ, "ఆడ మంచు పడినాదో ఏమో, బావా" అని దిగులుపడేవాడు. నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఎగతాళి చేసిన నోరు మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

ఉత్తరాల్లో ఇంకొక పేరు తరచూ వచ్చేది. మాత్యూ. మాళిగ చూసుకునే మనిషి. ఇరవై ఏళ్ళప్పుడు పనిలో చేరాడు. పీపాలు కడగడం, మడ్డి వడకట్టడం, బిరడాలు కొట్టడం అంతా అతనే. రఘురామ పంపిన గుడ్డ మూట విప్పేది కూడా అతనే. విప్పగానే ఆర్మాన్‌లాగే అందులో ముఖం పెట్టి వాసన చూస్తాడని ఒక ఉత్తరంలో ఉంది. ఆనాటి నుంచి రఘురామ తానులు మడిచే ముందు ఒక్కొక్కటీ తనే వాసన చూసేవాడు. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరు మనుషులు ఒకే గుడ్డను ఇటువైపు ఒకడు, అటువైపు ఒకడు వాసన చూశారు.

మూడేళ్ళ కిందట మార్చిలో ఉత్తరం వేరే చేతిరాతతో వచ్చింది. ఆర్మాన్ పోయాడని, తోట ఇకమీద తానే చూసుకుంటానని, గుడ్డ ఎప్పటిలాగే పంపమని అతని కూతురు సోలెన్ రాసింది. రఘురామ మగ్గాలన్నీ ఒక పూట ఆపించాడు. తలస్నానం చేశాడు. సొంత మామ పోయినట్టు కూర్చున్నాడు.

జూన్‌లో గుడ్డ సిద్ధం చేస్తుంటే నా భార్య పాప పుట్టింటికి వచ్చింది. వరండాలో మడిచి పెట్టిన కోరా తానులు చూసి గుండెమీద చెయ్యి వేసుకుంది.

"ఏమి రఘూ, చావు జరిగిన ఇంటికి ఏడాది తిరగకముందే కోరా పంపుతావా? నీకు బుద్ధి ఉండాదా?"

మా ఇళ్ళల్లో పీనుగ మీద కప్పేది కోరాగుడ్డ. అందుకే చావింటికి సంవత్సరీకం అయ్యేదాకా కోరా పంపరు. పంపితే ఇంకొక పీనుగకు గుడ్డ పంపినట్టే. రఘురామకు ఆ సంగతి తెలియక కాదు, అమ్మకపు సరుకు కదా అని మనసుకు తట్టలేదు. అక్క అన్నాక తట్టింది. ఇక తలలోంచి పోలేదు.

"వాళ్ళకు ఈ ఆచారాలు లేవురా" అన్నాను.

"వాళ్ళకు లేకుంటే ఏమి బావా, పంపేది నేను గదా. ఆయమ్మ ఒక్కతే ఉండాది. ఆ ఇంటికి నా చేత్తో పీనుగగుడ్డ పంపేదానికి నాకు మనసు రాలేదు."

"బ్లీచింగు వద్దన్నాడు కదా ఆ మహానుభావుడు."

"ఏడు నీళ్ళలో అలసిస్తాను. వాసన అనేదే ఉండదు."

బ్లీచింగు చేయించి, ఏడు నీళ్ళలో జాడింపించాడు కూడా. తనే నిలబడి చేయించాడు. తానులు కొంగల్లా తెల్లగా వచ్చాయి. వాసన చూశాడు, నన్నూ చూడమన్నాడు. నాకు ఏ వాసనా రాలేదు. నేనే మంచిదన్నాను. ఆ ఏడు గుడ్డతోబాటు రాసిన ఉత్తరంలో, మీ తండ్రిగారి మీద గౌరవంతో ఈసారి తెల్లగుడ్డ పంపుతున్నామని నా చేత్తోనే రాశాను.

మరుసటి ఏడు జూన్‌కు గుడ్డ కావాలని కబురు రాలేదు. సెప్టెంబరులో ఉత్తరం వచ్చింది.

ఆ ఆదివారం అరుగుమీద నేను చదివినది ఇది. చలికాలం తర్వాత వైను సీసాల్లోకి ఎక్కింది. కొన్నవాళ్ళు తిప్పి పంపడం మొదలుపెట్టారు. వైనుకు తడిసిన అట్టపెట్టె వాసన, మూసిన ఇంటి వాసన. పద్దెనిమిది పీపాల్లో ఒక్కటీ బాగులేదు. నిపుణుణ్ణి పిలిపించారు. క్లోరిను బూజుతో, చెక్కతో కలిస్తే పుట్టే వాసన అది, ఎవరో పీపాలను బ్లీచింగు నీళ్ళతో కడిగారు, అని అతను తేల్చాడు. మాళిగలోకి బ్లీచింగు తేనేలేదని మాత్యూ ఏడ్చాడు. ఎవరూ నమ్మలేదు. పీపాలు కడిగేది అతనొక్కడే. ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసిన మనిషిని పంపేశారు. వైనంతా నేలపాలు చేశారు. తోటను ఒక పెద్ద కంపెనీకి అమ్మేస్తున్నాం, ఇన్నేళ్ళ మీ స్నేహానికి కృతజ్ఞతలు, అని రాసి ఉంది.

రఘురామ కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు.

"ఆ బ్లీచింగు మాట ఇంకొకసారి చదవండి, బావా."

చదివాను.

మా వ్యాపారంలో ఏ సరుకు పంపినా అందులో మీటరు ముక్క చీటీ కట్టి అటకమీద దాస్తారు. రేపు ఆస్పత్రివాళ్ళు తగాదా పెడితే చూపించడానికి. రఘురామ ఆ తెల్లగుడ్డ మాదిరి ముక్కను, అంతకుముందు ఏడు పంపిన కోరా ముక్కను దించాడు. వడ్రంగి దగ్గర రంపపుపొట్టు తెచ్చి తడిపి, రెండు కుండల్లో పోసి, ఒక్కొక్క ముక్క ఒక్కొక్క దాంట్లో పెట్టి, షెడ్డు వెనక చీకటిగదిలో ఉంచాడు. అక్టోబరులో ఐప్పసి వానలు పట్టాయి. నెల తర్వాత నన్ను పిలిచి మూతలు తీశాడు. కోరా ఉన్న కుండలో తడిచెక్క వాసన వచ్చింది. రెండో కుండ మీదికి వంగిన నేను వెంటనే తల వెనక్కి తీశాను. వానకాలమంతా మూసిపెట్టిన అట్టపెట్టె వాసన. ఉత్తరంలో ఉన్న మాటే.

"మన గుడ్డే, బావా" అన్నాడు. "ఆయన వద్దని చెప్పినాడు. వద్దన్న పని నేను చేసినాను. ఇప్పుడు దానికి ఆ మాత్యూ పోయినాడు."

నేలమీద చతికిలబడ్డాడు. అరవై ఏళ్ళ మనిషి, కుండ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. నేను వాన వైపు చూస్తూ నిలబడ్డాను.

మరునాడే కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టాడు.

"రాయండి బావా. తప్పు మాది అని రాయండి. మాత్యూ కడిగిన పీపాల్లో తప్పు లేదు, నేను పంపిన గుడ్డలో ఉండినాది. ఆయన్ని తిరిగి పిలవండి, నేను కాళ్ళకు మొక్కినట్టు రాయండి."

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. రఘురామ ఒక్కగానొక్క కూతురు దర్శిని నా కోడలు. అప్పటికి ఆరు నెలల ముందే షెడ్డు తన చేతికి తీసుకుంది. విదేశీ ఆస్పత్రులకు నేరుగా పంపే సర్టిఫికేటు కోసం అంతకుముందు నుంచే రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి, అప్పుడే తెచ్చుకుంది. మా గుడ్డలో బ్లీచింగు మిగిలిందని మేమే సంతకం పెట్టి రాసిస్తే ఆ సర్టిఫికేటు ఏమవుతుంది? నా కొడుకు, కోడలు, వాళ్ళ పిల్లలు అంతా ఆ ఎనిమిది మగ్గాల మీదే ఉన్నారు. ఇంకొకటి కూడా ఉంది. కోరా వద్దన్నది నా భార్య. ఉత్తరం సంగతి విన్నప్పటి నుంచి పాప నన్ను అడుగుతూనే ఉంది, "నా నోటి మాట వల్లనా?" అని. కాదని చెబుతూ వచ్చాను.

ఇవన్నీ రఘురామకు చెప్పాను. ఒకసారి కాదు, పది రకాలుగా చెప్పాను.

"దర్శినికి తెలియనీయకండి, నేను తర్వాత చెప్పుకుంటాను" అన్నాడు. "సర్టిఫికేట్ పోతే పోనీ. చేయనిదానికి ఒక మనిషి తల వంచుకొని పోయినాడు, బావా. నాకు అన్నం దిగడంలేదు. రాయండి."

రాశాను. కాగితం నిండా రాశాను. మీ ఉత్తరం చదివి ఎంతో బాధపడ్డాం, మీ తండ్రిగారిని ఎన్నటికీ మరిచిపోం, మీకు దేవుడు ధైర్యం ఇవ్వాలి. గుడ్డ ఊసు లేదు, బ్లీచింగు ఊసు లేదు, మాత్యూ పేరే లేదు. రాసింది చదివి వినిపించమన్నాడు. ఆ కాగితం చూస్తూ, అతను చెప్పిన మాటలన్నీ తెలుగులో గడగడ చదివేశాను. ముప్ఫై నాలుగేళ్ళ పంతులు ఉద్యోగంలో అంత బాగా ఎన్నడూ చదవలేదు. రఘురామ కింద తమిళంలో సంతకం పెట్టాడు. నా స్కూటీ వెనక కూర్చుని పెద్ద పోస్టాఫీసుకు వచ్చి, కవరును రెండు కళ్ళకూ అద్దుకుని లోపలికి ఇచ్చాడు.

జవాబు జనవరిలో వచ్చింది. నేను ముందే ఒంటరిగా చదువుకున్నాను. సోలెన్ మంచి మనిషి. ఓదార్పుకు కృతజ్ఞతలు చెప్పింది. మాత్యూ పక్క టౌనులో ఒక గోడౌనులో పెట్టెలు మోస్తున్నాడని, ప్రతి ఆదివారం వచ్చి, ఏ పీపా సరిగా కడగలేదో చెప్పమని తనను అడుగుతాడని రాసింది. ఆ ఏడు మీరు పంపిన తెల్లగుడ్డ నాన్న జ్ఞాపకార్థం వచ్చిందని ఎంతో అపురూపంగా చూసుకున్నాడు, బిరడాలన్నీ కొత్తగా దానితోనే చుట్టాడు, అని కూడా రాసింది. ఆస్పత్రులకు వెళ్ళే గుడ్డను అక్కడ ఎవరు అనుమానిస్తారు?

ఆ ఉత్తరం పట్టుకుని అరుగుమీద కూర్చుని రఘురామకు చదివాను. నిజం చెప్పినందుకు మెచ్చుకున్నారు. తప్పు ఎవరిమీదా పెట్టలేదు. మాత్యూను పిలిచి క్షమాపణ చెప్పి, తోట కొనే కంపెనీలోనే మళ్ళీ పని ఇప్పించారు. ఒక అబద్ధానికి పది అబద్ధాల కాపలా అంటారు. నాకు ఆ పదీ ఆ పూటే అయిపోయాయి.

రఘురామ లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరు లేకుంటే నా మాట ఆ ఊరికి ఎట్ల పోయుండును, బావా" అన్నాడు.

ఆరోజు నుంచి మళ్ళీ మనిషయ్యాడు. కూతురికి కూడా అంతా చెప్పేశాడు. అన్నం తిన్నాడు, మగ్గాల మధ్య తిరిగాడు, నవ్వాడు. అంతటితో ఊరుకుంటే నేను ఎలాగో నెట్టుకొచ్చేవాణ్ణి. కానీ ఆ కథను అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు, కల్యాణమంటపాల్లో పక్క ఆకు దగ్గర కూర్చున్నవాళ్ళకు. "తప్పు చేసినాను, ఒప్పుకున్నాను, వాళ్ళు మన్నించినారు. ఒప్పుకుంటే మనిషి చెడిపోడు" అని ముగించేవాడు. "అడగండి, మా బావే రాసినాడు" అని నా వైపు చూపించేవాడు. నేను తేలు కుట్టిన దొంగలా తల ఊపేవాణ్ణి.

ఈ ఏడు ఫిబ్రవరిలో దర్శిని పంపిన ఒక సరుకులో చీటీలు తారుమారయ్యాయి. స్టెరిలైజు చెయ్యని పెట్టెలు నాలుగింటికి, చేసినట్టు చీటీలు పడ్డాయి. పెట్టెలు ఇంకా దారిలోనే ఉన్నాయి. ఊరుకుందామా, చెబుదామా అని ఆ పిల్ల తల పట్టుకుని కూర్చుంటే, రఘురామ దగ్గర కూర్చుని చెప్పాడు. "చెప్పేయమ్మా. నాకంటే పెద్ద తప్పా నీది? నన్ను వాళ్ళు మన్నించలేదా?" దర్శిని నా వైపు తిరిగింది. "ఆమా, నిజమా, మామయ్యా?" అని అడిగింది. నేను అవునన్నాను.

చెప్పేసింది. చెప్పడమే న్యాయం, అందులో నాకు సందేహం లేదు. కొన్నవాళ్ళు మాత్రం మన్నించలేదు. నాలుగు పెట్టెలే కాదు, మొత్తం ఆర్డరు ఆపేశారు, సర్టిఫికేటు వెనక్కి పోయింది. ఐదు మగ్గాలు ఆగిపోయాయి. నేను దేన్ని కాపాడాలని అంత పని చేశానో అది కూడా మిగల్లేదు. రఘురామకు ఏమీ అర్థం కాలేదు. "ఆ దేశంవాళ్ళు మన్నించినారే, వీళ్ళేమి ఇట్ల చేసినారు?" అని నన్ను చిన్నపిల్లవాడిలా అడిగాడు. ఇక నా వల్ల కాలేదు.

అరుగుమీదే చెప్పాను. సోలెన్ రాసిన అసలు ఉత్తరం తీసి, మొదటిసారిగా ఉన్నదున్నట్టు తెలుగులో చదివాను. మాత్యూ పెట్టెలు మోస్తున్న సంగతి, ఆదివారాలు వచ్చి అడుగుతున్న సంగతి, తెల్లగుడ్డను అపురూపంగా చూసుకున్న సంగతి. దర్శిని గుమ్మంలో నిలబడి వింది. రఘురామ తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. అతను నేల చూస్తూ కూర్చున్నాడు.

"ఇన్నాళ్ళూ ఆయన అడుగుతానే ఉండినాడా?" అన్నాడు. అంతే.

అసలు రాయాల్సిన ఉత్తరం నేను ముందే రాసి తెచ్చాను. జేబులోంచి తీసి అతని ముందు పెట్టాను. పెన్ను ఇచ్చాను. రఘురామ కాగితం తీసుకున్నాడు, సంతకం పెట్టలేదు. గుమ్మం వైపు తిరిగి కూతుర్ని పిలిచాడు.

"దీంట్లో ఏమి ఉండాదో చదువమ్మా."

దర్శిని నా ముఖం చూడలేక, కాగితం చూస్తూ ఒక్కొక్క వాక్యమూ తెలుగులో చెప్పింది. అన్నీ విన్నాక సంతకం పెట్టి, కవరు ఆ పిల్ల చేతికే ఇచ్చాడు. నేను నా చెప్పులు వెతుక్కుని ఇంటికి వచ్చేశాను. ఆ సాయంత్రం పాపకు కూడా చెప్పాను. తను రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఉత్తరం జూలైలో తిరిగొచ్చింది. చిరునామాదారు ఇక్కడ లేరని ఫ్రెంచిలో ముద్ర వేసి ఉంది. తోట కంపెనీ పరమై ఏడాది దాటిందట. దర్శిని ఇమెయిల్ పంపితే అదీ పోలేదు. కంపెనీకి రాస్తే, పాత యజమానుల వివరాలు, పాత పనివాళ్ళ వివరాలు ఇవ్వలేమని రెండు ముక్కల్లో జవాబు వచ్చింది. మాత్యూ ఇంటిపేరు మాలో ఎవరికీ తెలియదు. ఇరవై రెండేళ్ళ ఉత్తరాలన్నీ తిరగేశాం, ఆర్మాన్ ఎక్కడా రాయలేదు.

మొన్న ఆదివారం నన్ను రమ్మని రఘురామ కబురు పెట్టాడు. వెళ్ళాను. కాఫీ ఇప్పించాడు. తిరిగొచ్చిన కవరు అతని పక్కనే, అరుగుమీద ఉంది. ఆడుతున్న మూడు మగ్గాల చప్పుడు వింటూ ఇద్దరం కూర్చున్నాం. కాసేపటికి అతను నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ ముఖంలో. అది ఉన్నా బాగుండేది.

"ఒకటే అడుగుతాను, బావా. ఆ పొద్దు నేను చెప్పింది చెప్పినట్టు రాసింటే, చేరుండునా?"

"చేరి ఉండేది" అన్నాను.

సరే అన్నట్టు తల ఊపి, లేచి లోపల మగ్గాల దగ్గరికి వెళ్ళాడు.